అమ్మ తూకం రాయి
మాదాపూర్, మంగళవారం

తమ్ముడు మోషేకు, అక్క క్షేమమే, ఫికర్ చేయకు.

మా తూనికల ఇన్‌స్పెక్టర్ల శిక్షణకు నేపాల్, శ్రీలంక వాళ్లు కూడా వచ్చిన్రు. అంగట్ల అమ్మ చింతపండు అమ్మేటప్పుడు తూచే రాయిని, ఆమెకు తెలవకుండ నువ్వు పంపినదాన్ని, ఇయ్యాల అందరి ముందు కాంటా మీద పెట్టిన. దొంగ తూకమని నేను అమ్మతో రెండేండ్లు మాట మానేసిన రాయి అది. కిలో కంటే అరవై గ్రాములు ఎక్కువే ఉంది.

"ఇదీ తప్పుడు తూకమే, జప్తు చేయాలె," అన్నడు శిక్షణ ఇచ్చే సారు.

"తరుగు పేరుతో రైతును కోసే సేటును వదిలి, ఎక్కువ తూచిన ముసలామెను పట్టుకుంటదా మీ చట్టం?" అని నేను అందరికీ తెలిసేటట్టు ఇంగ్లీషుల అడిగిన. నేపాల్ మేడం ఒక్కతే చప్పట్లు కొట్టింది.

అమ్మ మోకాలును దవాఖానలో చూపించినవా? సీలు వేసిన కిలో రాయి కొని పంపుతున్న, అంగడికి అమ్మకు అదే ఇయ్యి. మళ్ల అంగట్ల పెట్టనని సారుకు మాటిచ్చిన, పాతది నేనే ఉంచుకుంట. ఈ అద్దాల మేడల నడుమ ఇంటి వాసన దానికే ఉంది.

శనివారం వస్తున్న. లోపలికి రమ్మంటదో లేదో అమ్మను అడిగి జవాబు పంపు. దేవుని కృప మీకు తోడుండాలె.

అక్క సెలీనా