నేల మీద నిలబడి తీసిన ఫోటో

అక్టోబరు, గురువారం సాయంత్రం

గౌరవనీయులైన టీకప్పు గారికి,

మన ‘చిన్న వింతలు’ గ్రూపులోని అద్దాలాయన నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. మీరూ, మీరు రోజూ ఫోటో తీసి పెట్టే ఆ నీలం కప్పూ క్షేమమని తలుస్తాను.

ఫోనులో ముచ్చట్లాడే మనిషి కాగితం మీదికి దిగాడేమిటని కంగారు పడకండి. నా మొద్దు వేళ్ళతో ఇంత సంగతి ఫోనులో నొక్కాలంటే చలికాలం వచ్చేస్తుంది.

ముందు కాస్త నా గొప్పలు వినిపెట్టండి, ఇంట్లో వినేవాళ్ళు లేరు. ఆకులు రాలడం మొదలైందంటే కిటికీ అద్దాలు బిగించే నాలాంటివాడికి ఊపిరి సలపదు. పగిలిన అద్దానికి అట్టముక్క అడ్డం పెట్టుకుని వేసవంతా నెట్టుకొచ్చినవాళ్ళందరికీ మొదటి చలిగాలి తగలగానే నేను గుర్తొస్తాను. మొన్న ఒక కుట్టుపని ఆవిడ ఇంట్లో పాత చట్రం ఊడదీస్తే, సందులో గుప్పెడు ఎర్రటి చుక్కల పురుగులు ఒకదాన్నొకటి కరుచుకుని నిద్రపోతున్నాయి. ఆవిడ చీపురు తెచ్చింది. నేను అడ్డం పడి, వాటిని మెల్లిగా అట్టపెట్టెలోకి ఎత్తి, కట్టెల కొట్టంలో పెట్టొచ్చాను. ఆ ఫోటోకి మన గ్రూపులో ఎంత సందడో మీరూ చూశారుగా! చీపురు తెచ్చిన ఆవిడే ఇప్పుడు రోజూ వెళ్ళి, అవి లేచాయేమోనని చూసొస్తోందట.

ఇన్ని మెచ్చుకోళ్ళ మధ్య మీరొక్కరే ప్రతి ఫోటో కిందా ఒకటే అడుగుతారు, నేల మీద నిలబడే తీశారా అని. సాలెగూటి మీద మంచుబొట్లు పెట్టినా అదే ప్రశ్న. ఆవిరి పట్టిన అద్దం మీద ఎవరో వేలితో గీసిన పిల్లిబొమ్మ పెట్టినా అదే. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి అడగడానికి ఇంకేమీ దొరకలేదా అనుకున్నాను. అయినా ప్రతిసారీ నేల మీదే అని జవాబిచ్చాను. ఇప్పుడు ఆ ప్రశ్న రాకపోతే ఫోటో పెట్టినట్టే ఉండదు.

అసలు గొప్ప మా అమ్మాయిది. ఎముకల వార్డులో నర్సు. నేను పగిలిన అద్దం తీసి కొత్తది పెట్టగలనే గానీ అతికించలేను. అది విరిగిన మనుషుల్ని లేపి నడిపించి ఇంటికి పంపుతుంది. మొన్న బజార్లో ఒకాయన చేతికర్ర ఊపుతూ నన్ను ఆపి, మీ అమ్మాయి తిట్టి తిట్టి నడిపించిందండీ అన్నాడు. ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తిట్లు నాకూ పడ్డాయి లెండి. చెట్లు చిగురించే రోజుల్లో నిచ్చెన జారి నడుం పట్టేసింది. అది పరిగెత్తుకొచ్చి, ఇంకోసారి నిచ్చెనెక్కితే నాతో మాట్లాడొద్దంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఎక్కుతున్నానని నేనన్నాను. నడుం కుదుటపడగానే ఎక్కాను కూడా. అంతే, మాటలు బందు. అదీ ఫోను చెయ్యదు, నేనూ చెయ్యను. మొండితనంలో అచ్చం నా కూతురే. ఆ మొండితనానికీ నాకు గర్వమే, ఏం చెయ్యను! కానీ అది లేకుండా ఈ ఆకులు రాలడం చూడబుద్ధి కావడం లేదు.

ఇంకొక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. అద్దం బిగించాక, అది కదలకుండా చుట్టూ పెట్టిన మెత్తటి పుట్టీ ఆరకముందే కింది మూలలో బొటనవేలితో ఒత్తడం నా అలవాటు. వేలికి అడ్డంగా ఉన్న పాత గాటుతో సహా ముద్ర పడుతుంది. బొమ్మ గీసినవాడు కింద సంతకం పెట్టడూ, అలాగన్నమాట. ఈ ఊళ్ళో చాలా కిటికీల్లో నేనున్నాను.

మీ కప్పులో టీ ఎప్పుడూ వేడిగా ఉండాలని కోరుకుంటూ,

అద్దాలాయన

తా.క.: మీ చిరునామా మీరెప్పుడూ గ్రూపులో చెప్పలేదు. మరి ఈ ఉత్తరం మీ తలుపు కిందికి ఎలా వచ్చిందంటారా? పోయినవారం కప్పు పక్కన, కిటికీ అద్దానికి అంటుకున్న ఎర్రాకు ఫోటో పెట్టారు. ఆకు అందమే. నేను చూసింది దాని కింద, పుట్టీలో. గాటుతో సహా నా బొటనవేలు. నువ్వు ఆ ఇంట్లో దిగిన రోజు, నువ్వే పచ్చరంగు వేసుకున్న ఆ చట్రంలో అద్దం బిగించింది నేనేగా తల్లీ!

అద్దాలాయన నేనేనని గుర్తుపట్టే నువ్వు గ్రూపులో చేరావని ఇప్పుడు తెలిసింది. అడుగుతున్నది ఎవరో తెలియని రోజుల్లో కూడా, నా జవాబు అబద్ధం కాకూడదని నిచ్చెన ముట్టలేదు. మేడల మీది పనులన్నీ నా జోడీదారుకి అప్పగించేశాను. పరాయిమనిషి మాట విన్నాడు, నా మాట వినలేదని ఉడుక్కోకు.

ఆ ఫోటోలోనే పై మూల పుట్టీ బీటలు తీసి కనిపించింది. చలి ముదరకముందే పూడ్చాలి. ఆదివారం పొద్దున పుట్టీ తీసుకుని వస్తాను. స్టూలు నువ్వెక్కు, నేను పట్టుకుంటాను. ఈసారి ముద్ర నీ బొటనవేలిదే వెయ్యి. నువ్వు దిగాక దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెడతాను, నేల మీద నిలబడే.