పెద్ద కనుమ దాటాను

అత్తయ్యా, పాపను నా బదులు ముద్దాడి, ఈ కార్డు ఆయన చేత చదివించుకోండి. మచు పిక్చు చేరాం, నేను క్షేమం. మూటలు మోసే పనిలో ఆయన చోటు పోలేదు. కాలు అతికే దాకా ఆయన బదులు నన్నే రమ్మన్నాడు మేస్త్రీ.

రెండో రోజు పెద్ద కనుమ ఎక్కుతుంటే వడగళ్ళు పడ్డాయి. మోకాలు పట్టేసి కూలబడ్డాను. యాత్రికుల గుడారాలు నా వీపు మీదే ఉన్నాయి. వాళ్ళకంటే ముందు మజిలీ చేరకపోతే పనిలో ఆయన చోటు ఇంకొకరిదే. అప్పటికే పైకి చేరిన పక్క ఊరి మెలితోన్ మామ తన మూట అక్కడ దించి, నా కోసం వెనక్కి దిగి వచ్చాడు.

"ఏం కోడలు పిల్లా, కొండకు కాపలా కూర్చున్నావా?" అంటూ నా మూట ఎత్తుకున్నాడు.

"మీ మేలు మరచిపోను మామా."

"ఆ మాటలు మీ వంటింట్లో పెంచే గినీపందులకు మేతగా వెయ్యి. నా దుంపలు తవ్వే రోజున మీ ఇంటి నుంచి ఇద్దరు రావాలి, అంతే!"

సరేనన్నాను. కనుమ మీద నా మూట నాకిచ్చి తనది ఎత్తుకున్నాడు. యాత్రికులు వచ్చేసరికి గుడారాలు లేచాయి.

మిమ్మల్ని అడగకుండా మాటిచ్చాను, కోప్పడకండి. ఆయన కట్టు విప్పారా? పాప సరిగా తింటోందా? మామ పొలానికి చిచా కల్లు మనమే కాచి తీసుకెళ్ళాలి, మొక్కజొన్నలు నానబెట్టండి. అప్పటికి ఆయన కాలు నయం కాకపోతే మీరూ నేనూ వెళ్దాం. మగవాళ్ళే రావాలని మామ అనలేదు.

కొండదేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ కోడలు ఎర్మెలిండా