హన్నా గురించి నేను చెప్పింది

28 ఆగస్టు, బుధవారం

మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనే. అందుకే స్త్రీల కూడికలో బైబిల్ చదివే పని నాది. ఈ రోజు, పిల్లల్లేక మందిరంలో ఏడ్చి ప్రార్థించి కొడుకును కన్న హన్నా కథ చదివి ఊరుకోలేదు. బీఈడీకి ఆత్మకూరు బస్సులో పోతూ నెల రోజులుగా వింటున్న ఇంగ్లిష్ వీడియోల సంగతి ఎత్తుకున్నాను. బైబిల్లో మనుషులు బయట లేరు, మన మనసు స్థితులే అన్నాను. ఐగుప్తు మన భయం. ఎర్ర సముద్రం మన సందేహం. హన్నా గొడ్రాలితనం కూడా ఒక కాన్షస్‌నెస్. బిడ్డ ఉన్నట్టే లోపల నమ్మితే బయట బిడ్డ పుడుతుంది అన్నాను. నోట్సు చూడకుండా చెప్పాను.

రెబెకమ్మ పిన్నికి పెళ్లయి పద్దెనిమిదేళ్లు. పిల్లల్లేరు. అయితే నా మనసే గొడ్డుపోయిందా పాపా అని అడిగింది.

సింబల్ పిన్నీ, సింబల్ అన్నాను.

చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

1 సెప్టెంబరు, బల్ల ఆదివారం

ఎవరి మీదైనా మనసులో కోపం ఉంటే ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె ముట్టకూడదని మా సంఘంలో కట్టడి. పళ్లెం వస్తే పిన్ని పక్కకు జరిపేసింది. నేను తీసుకున్నాను. నమిలాను కూడా.

4 సెప్టెంబరు, రాత్రి అన్నాల వేళ

రెబెకమ్మ ఏదో పాపం చేసింటాది, లేకుంటే బల్ల ఎందుకు ముట్టదు అని బోరింగు దగ్గర అనుకుంటున్నారట. అమ్మ చెప్పింది. ఏందో, ఎవురికి తెలుసు అంది.

నాకు తెలుసు. పప్పు బాగుందమ్మా అన్నాను.

11 సెప్టెంబరు

ఇంకా ఎవరికీ చెప్పలేదు.

22 సెప్టెంబరు, సాయంత్రం 5

వెళ్లాను. పిన్ని మేకలకు తుమ్మ కొమ్మ నరుకుతోంది. క్షమించమన్నాను. నువ్వు చెప్పింది నేనెప్పుడో చేసినానులే, బిడ్డకు పేరు గూడా పెట్టి పిలిచినాను, ఇంకేం నమ్మాలో చెప్పు అంది. నేను సంచిలోంచి బైబిల్ తీశాను.

ఇంగ్లీషు వద్దుగానీ ఆ కథ ఉండేది ఉన్నట్టు చదువు అంది. చదివాను. హన్నా ఏడ్చి, లేచి, అన్నం తిన్న చోట ఆపమంది. తర్వాతది నాకు తెలుసులే అంది.

6 అక్టోబరు, ఆదివారం

పళ్లెం రాకముందే లేచి, పిన్ని నొచ్చుకున్నది నా మాటకే, తప్పు నాది అని సంఘమంతటి ముందు చెప్పాను. ఈ బిడ్డకెంత తగ్గింపు, ఎంత వినయం అన్నారు పాస్టర్ గారు. అందరూ స్తోత్రం అన్నారు. కూర్చో పాపా, అందురూ నన్నే చూస్తాండారు అని పిన్ని నా చున్నీ పట్టి లాగింది.

తగ్గింపు అన్నప్పుడు నాకు సంతోషమేసింది. అదీ రాస్తున్నాను.