బాపు నవ్విన కార్టూన్

ఆదివారం

గనిలో పైకప్పు కూలి, తనతో పనిచేసే జతగాడు రాజన్న కాక చనిపోయిన నాటి నుంచి మా బాపు నవ్వలేదు, ఆయన పేరూ ఎత్తలేదు. ఈ సాయంత్రం నేను కంప్యూటర్‌లో పెద్దల కార్టూన్ సీరియల్ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంగ్లిష్ మాటలు తెలుగులో చెబుతున్నాను. అంతలో, చచ్చి స్వర్గానికి వెళ్లిన తాగుబోతు ఒకడు లైన్లో నిలబడనని దేవుణ్ణే బూతులు తిట్టాడు. చావు మీద జోకు! ఆపేయబోయాను.

"ఆపకు బిడ్డా! ఏమన్నడో చెప్పు."

సిగ్గు పక్కనపెట్టి బూతుతో సహా చెప్పాను.

బాపు పగలబడి నవ్వాడు. "మా రాజన్న గూడ ఆడ గిట్లనే లొల్లి పెడ్తుండొచ్చు!"

వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. అన్నం తింటున్నంతసేపూ బాపు రాజన్న కాక ముచ్చట్లే చెప్పాడు. సాధించాను!

రేపు మళ్లీ మూగబోతాడేమో... పోనీ, ఇంకా పన్నెండు ఎపిసోడ్లున్నాయి.