అక్క పెట్టెకు మట్టి

జూన్ 4

తుంటి విరిగినప్పటి నుంచి అక్క పెరట్లో అడుగు పెట్టలేదు. మెల్లగా లేవొచ్చని డాక్టర్ చెప్పినా వినదు. రోజంతా వీల్‌చైర్లో, గోడ వైపు తిరిగి. అందుకే బావ చెక్కలతో పెద్ద పెట్టె చేశాడు. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండా మట్టి పోస్తే కుర్చీలో కూర్చునే మొక్కలు పెట్టుకోవచ్చు. టమాటా నారు కూడా తెచ్చి పంపు పక్కన పెట్టాడు.

మట్టి లెక్క నాది. ఇన్నేళ్లుగా టైలర్‌ని, కొలతలు నాకొదిలెయ్యండి అన్నాను. పది బస్తాలు చాలు.

జూన్ 6, మధ్యాహ్నం

చాలలేదు.

పదీ కుమ్మరిస్తే జానెడు కూడా లేవలేదు. పెట్టె అడుగు కప్పేంత చూసుకున్నాను, లోతు సంగతే మరిచాను. బట్టకు లోతెక్కడ ఏడ్చింది?

అక్కను బతిమాలి, బామాలి బయటికి తెచ్చాం. తొంగి చూసింది. చెయ్యి చాపింది. మట్టి అందలేదు. బావిలో మొక్కలు నాటమంటావా ఏంటే అంది. లోపలికి తోసుకెళ్లమంది. బావ నవ్వు ఆపుకోలేక పంపు దగ్గరికి పారిపోయాడు. ఇద్దర్నీ ఆ పెట్టెలోనే పాతెయ్యాలనిపించింది.

జూన్ 7

ఒక కస్టమర్ జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను.

జూన్ 9

ఈసారి మూడు కొలతలూ గుణించాను. నలభై ఎనిమిది ఘనపుటడుగులు. బస్తాకు అడుగున్నర. అంటే ఇంకా ఇరవై రెండు కావాలి. తడిస్తే కుంగుతుంది కదా అని ముప్పై తెప్పించాను. మళ్లీ తక్కువైతే అక్క ఇక గది దాటదు. చెక్కలు ఆగవేమో అని బావ నసిగాడు. మీరు చేసిన పెట్టె మీద మీకే కాన్ఫిడెన్స్ లేదా బావా అని నోరు మూయించాను.

జూన్ 11, సాయంత్రం

అంచులు దాటి కుప్పగా పోశాం. నా నడుం నాది కాదు. బావ పైపు పెట్టి తడుపుతున్నాడు. ఫట్‌మని చప్పుడు. పక్క చెక్క ఊడి, మట్టి బురదై గుమ్మం దాకా జారింది. నా చెప్పులు అందులోనే ఎక్కడో ఉన్నాయి.

సిగ్గు లేకుండా నిలబడి ఏడ్చాను. బావ వెళ్లి పంపు కట్టేసి వచ్చాడు. తిట్టినా బాగుండేది. లోపల అక్క ఏమైందని అడిగింది. ఏమీ కాలేదు, నీ పెరడు కాస్తా నాశనమైంది, అంతే అని అరిచాను. అక్క మీద ఎందుకు అరిచానో.

జూన్ 12, ఉదయం

గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

అక్క బురదలో చతికిలబడి కూర్చుంది. మోచేతుల దాకా మట్టి. ఎలా దిగావక్కా అంటే, జారాను అంది. లేపబోతే చెయ్యి విదిలించింది. అలా గుడ్లప్పగించి చూడకపోతే ఆ టమాటా నారు ఇటివ్వొచ్చుగా అంది.