రంగు మారని కోడిమాంసం

అత్తిబెలె,
బుధవారం.

బావగారికి,

మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం డ్రైవర్ రియాజ్ చేత పంపుతున్నాను. మన కోడిమాంసం ప్యాకింగ్ యూనిట్ కోల్డ్ రూమ్‌కి తాళం వేసింది నేనే.

ఆదివారం కరెంటు పోయి, జనరేటర్ కూడా పనిచేయక, ఆ గది వెచ్చబడింది. మామూలు ట్రేలలోని కోడిమాంసం వాసన కొడితే మీరే పారేయించారు. కొత్త మెషీన్‌తో, మాంసం త్వరగా చెడకుండా గ్యాస్ నింపి మూసిన ప్యాకెట్లను చూసి మాత్రం, “రంగు ఎంత బాగుండాదో చూడమ్మా, వాసన కూడా లేదు. బొమ్మనహళ్ళి హాస్టల్‌కి పంపించేయి” అన్నారు.

ఆ గ్యాస్ ఎక్కువగా అణిచిపెట్టేది వాసన పుట్టించే క్రిముల్ని. మనిషిని పడగొట్టేవి చల్లదనం తగ్గితే అందులోనూ పెరుగుతాయి. మన ల్యాబ్‌లో ఆ ప్యాకెట్లను పరీక్షించి చూశాను, పెరిగాయి. “వండితే చస్తాయి లేమ్మా” అంటున్నాడు మేనేజర్ గంగిరెడ్డి. వండేలోపే అవి కత్తికి, చేతులకు, పక్కన తరిగిన ఉల్లిపాయలకు అంటుకుంటాయి. ఆ హాస్టల్‌లో ఉండేది గార్మెంట్స్ పనికి వెళ్ళే ఆడపిల్లలు. మంచాన పడితే చూసేవాళ్ళు వాళ్ళకు అక్కడ ఎవరూ లేరు.

అక్కడి వంటావిడ మమతకు ఫోన్ చేసి, రేపు గుడ్లు వండమని చెప్పేశాను.

నిన్న మీరు ఇంటికి మాత్రం అంగడిలో అప్పుడే కోయించిన కోడి తెచ్చారని అక్క చెప్పింది. మన ప్యాకెట్ ఒకటి తీసుకెళ్ళి మీ పాపకు వండిపెడతానని నా ముందుకొచ్చి చెప్పండి, తాళంచెవి ఇచ్చేస్తాను. చెప్పలేకపోతే, వాటిని పాతిపెట్టడానికి మనుషుల్ని పంపండి.

మీ మరదలు