రెండు వందల పద్నాలుగు ఖాళీ ఫైళ్లు

మార్చి 3
మా నిఘంటువు ఆఫీసులో సర్వర్ మళ్లీ మొరాయించింది. డిస్క్ సగానికి పైగా ఖాళీ, అయినా చోటు లేదంటుంది. ఒక్కో మాటకు ఒక్కో ఫైల్. ఫైల్ పేరే ఆ మాట, లోపల రెండు లైన్ల అర్థం. అలా మూడు లక్షల పాతిక వేలు చేరాయి. డిస్క్ ఒక్కో ఫైల్‌కీ ఒక్కో ఇనోడ్ నంబర్ ఇస్తుంది, అవి అయిపోతే చోటున్నా కొత్త ఫైల్ పట్టదు. అవి అయిపోయాయి. కొత్త డిస్క్ సంగతి వచ్చే నెల చూద్దాంలే అన్నాడు మేనేజర్. ఆయన చూద్దాం అంటే నేను చూడాలని. ఒళ్లు హూనమైంది.

మార్చి 4
లోపల అక్షరం ముక్క లేని ఫైళ్లన్నీ ఒక్క కమాండ్‌తో తీసేశాను. 214. ఓ రెండు రోజుల పాటు గండం గడిచినట్టే.

మార్చి 5, ఉదయం 11
కొంప మునిగింది.

పెద్దాయన వచ్చి, ఏమ్మా, నా ఖాళీవి కనపడవేం అని అడిగారు. ముప్పై ఏళ్లు షెడ్లూ సంతలూ రేవులూ తిరిగి మాటలు ఏరుకొచ్చిన మనిషి. చూపు మందగించి నెలాఖరుకు రిటైరవుతున్నారు. విన్న మాటకు అర్థం చెప్పేవాళ్లు దొరక్కపోతే పేరు మాత్రం పెట్టి ఫైల్ వదిలేస్తారట, ఎప్పటికైనా ఎవరో ఒకరు చెప్పకపోతారా అని. నాకెవరూ ఈ సంగతి చెప్పలేదు. నేనూ అడగలేదు. వెతికిస్తానని ఆయన్ను పంపేశాను.

బ్యాకప్‌లోనూ లేవు. ఖాళీ ఫైళ్లు వదిలెయ్యమని బ్యాకప్ తీసే స్క్రిప్టులో రాసింది నేనే.

సాయంత్రం
అర్థం లేని మాటలేగా, పోతే పీడా పోయింది అన్నాడు మేనేజర్. ఒళ్లు మండింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, నీ పేరుతో కూడా ఒక ఖాళీ ఫైల్ పెట్టుకో అన్నాడు. నవ్వు రాలేదు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మార్చి 6
పెద్దాయనకు నిజం చెప్పేశాను. చెడామడా తిడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని, రాసుకోమ్మా అన్నారు.

ఆయనకు ముందు మనిషి గుర్తొస్తోంది, తర్వాత మాట. వల అల్లే ముసలమ్మ. బావిలోకి దిగి పూడిక తీసే అన్నదమ్ములు. ఈసారి ఫైళ్లు ఖాళీగా పెట్టలేదు, ఎవరి నోట విన్నారో ఒక లైన్ రాశాను. నా పాత టెస్ట్ ఫైళ్లు తీసేసి చోటు చేశాను. ఈ పని మొన్ననే చేసి ఏడవాల్సింది.

సాయంత్రానికి 38.

మార్చి 19
203. నా మెడ పట్టేసింది. ఆయన గొంతు బొంగురుపోయింది.

మార్చి 31
211 దగ్గర ఆగిపోయాం. అందరూ చప్పట్లు కొట్టి ఆయన్ను సాగనంపారు. మెట్ల దగ్గర ఆగి, ముగ్గురి మొహాలూ కనిపిస్తూనే ఉన్నాయమ్మా, మాటే రావట్లేదు అన్నారు. సంచీ అందించాను.

ఏప్రిల్ 17, ఉదయం 6.10
పెద్దాయన ఫోన్. హలో కూడా లేదు. ఒక మాట చెప్పి, రేవులో తాడు లాగే మనిషి అని పెట్టేశారు.

212.